కుక్కి మంచం

మా చిన్నాన్న బంగారయ్యకు కోపం తెప్పించడానికి పెద్ద తిట్లు అక్కర్లేదు. ఆయన అల్లిన మంచం ఏదో ఒక మూల కాస్త వదులైందని చెబితే చాలు, తింటున్న అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. నాగావళి ఒడ్డున పాతిక ఊళ్ళలో ఇరవై రెండేళ్ళు నులక మంచాలు అల్లిన మనిషి. ఆయన అల్లిన మంచం మీద చేత్తో కొడితే డప్పులా మోగేది. మధ్యలో గుంటపడి వేలాడే కుక్కి మంచం పేరు ఆయన ముందు ఎవరూ ఎత్తేవారు కారు.

ఇంటింటికీ పరుపులు వచ్చాక ఆ చేతులకు పని తగ్గింది. అప్పుడే గిజిగాడులో తాళ్ళు కట్టేవాళ్ళు కావాలని ప్రకటన పడింది. భూమికి ఐదు వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆవాసం పేరు అది. అక్కడ బరువన్నది లేదు. గరిటె వదిలేస్తే కింద పడదు, ఎవరి ఊపిరి తగిలితే వాళ్ళకు దూరంగా మెల్లగా సాగిపోతుంది. అందుకని ప్రతి వస్తువునూ కట్టాలి. బియ్యం బస్తా నుంచి దువ్వెన దాకా అన్నిటినీ కట్టిపెట్టే పనికి చిన్నాన్న వెళ్ళాడు. కూతురు గున్నమ్మప్పా అల్లుడూ అక్కడే తోటపనిలో కుదిరారు. మూడేళ్ళ తర్వాత, శిక్షణ పూర్తిచేసి నేనూ వెళ్ళాను. నా పని గాలి లెక్క చూడడం.

ఊళ్ళో ఎవరూ గాలికి లెక్క కట్టరు. కింద వేడిగాలి పైకి పోతుంది, చల్లగాలి ఆ చోటికి వస్తుంది. ఎవరూ తోయకుండానే గాలి తిరుగుతూ ఉంటుంది. గిజిగాడులో పైనా లేదు, కిందా లేదు. నిద్రపోయేవాడు వదిలిన ఊపిరి వాడి ముఖం చుట్టూనే బుడగలా నిలబడిపోతుంది. వాడు మళ్ళీ దాన్నే పీలుస్తాడు. అందుకే గదికి నాలుగేసి ఫ్యాన్లు. మా అందరి మెడకూ ఒక పట్టీ ఉండేది. గాలి బాగుంటే నీలం, పాడవుతుంటే పసుపు, ప్రాణం మీదికొస్తే ఎరుపు. రోజూ గదిగదికీ తేలుతూ వెళ్ళి ఆ రంగులు చూసి రాసుకునేదాన్ని.

ఫ్యాన్ల మోత మాత్రం పిండిమర పక్కన కాపురం చేసినట్టుండేది. ఉప్పు అందుకోమని చెప్పాలన్నా అరవాలి. "ఒక్కటైనా ఆపండమ్మా" అని ఎవరైనా అడిగితే విశాలాక్షి గారు ఒప్పుకునేవారు కారు. గిజిగాడు గదులన్నిటికీ నమూనా గీసింది ఆవిడే. పిల్లలంతా ఆవిణ్ణి అమ్మమ్మగారూ అనేవారు. తొమ్మిదేళ్ళ కిందట, ఇంతకు ముందున్న చిన్న ఆవాసంలో, ఆవిడ తమ్ముడు భానుమూర్తి ఆ మోతకు నిద్రపట్టక ఫ్యాను రెక్కల్లో తువ్వాలు కుక్కి పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. గిజిగాడులో ఫ్యాన్లకు ఇనుప జల్లెడలు ఉంటాయి. తువ్వాలు కాదు, చీపురుపుల్ల కూడా దూరదు.

ఆ మోతకు ముందుగా బలైనవి పిల్లల చెవులు. గున్నమ్మప్ప కూతురు వెన్నెలకు ఆరేళ్ళు. గిజిగాడులోనే పుట్టింది. కుడిచెవి సగం పోయిందని డాక్టర్ రహంతుల్లా గారు తేల్చారు. మరో పదకొండు మంది పిల్లలకూ అదే దారి. ఆ నివేదిక కిందికి వెళ్ళిన వారానికి గిజిగాడును నడిపే కమిటీ ఉత్తర్వు పైకి వచ్చింది. కుటుంబాల విభాగం మూసేయాలి. నలభై రోజుల్లో పిల్లలందరినీ భూమికి దింపాలి.

గున్నమ్మప్ప ఆ కాగితం పట్టుకుని విశాలాక్షి గారి గదికి వచ్చినప్పుడు నేను అక్కడే రంగులు రాసుకుంటున్నాను.

"కూర్చో గున్నమ్మా" అన్నారు విశాలాక్షి గారు. గిజిగాడులో కూర్చోవడమంటూ లేదు. అయినా అందరం ఆ మాట అంటూనే ఉండేవాళ్ళం.

"ఏటి కూకునేది మేడమ్ గారూ? నా పిల్ల ఎముకలు తమలపాకు కాడల్లా ఉన్నాయంట. కిందకి దింపితే ఏడాది పాటు ఆసుపత్రి మంచం దిగదంట. నిలబడతాదో లేదో కూడా సెప్పలేమన్నారు డాట్రు గారు. ఇక్కడే ఉంచితే సెవులు పోతాయి. నాను దేన్ని ఎంచుకోవాలో మీరే సెప్పండి."

విశాలాక్షి గారు చాలాసేపు ఆ కాగితం చదివారు. చివరి పేరా దగ్గర వేలు పెట్టారు. "ఒక దారి ఉంది. నిశ్శబ్ద పరీక్ష. ఫ్యాన్లన్నీ ఆపేసి, కాపలాకు ఇద్దరు తప్ప ఇక్కడున్న మిగతా నూట పన్నెండు మందీ మూడు గంటలు నిద్రపోవాలి. ఎవరినీ లేపకూడదు. ఎవరి పట్టీ ఎర్రబడకూడదు. అది నెగ్గితే ఫ్యాన్లు లేకుండానే బతకొచ్చని ఒప్పుకుంటారు." ఆవిడ కాగితం మడిచారు. "ఫ్యాన్లు లేకుండా ఎలాగో నాకు తెలియదు గున్నమ్మా. తొమ్మిదేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను."

ఆ తర్వాత నాలుగోరోజు మధ్యాహ్నం వెన్నెల కనిపించలేదు. అందరూ తోటలో వెతికారు. నేను సరుకుల హాలుకు వెళ్ళాను. అంతకుముందు రెండుసార్లు ఆ పిల్ల జుట్టులో గోనె నార చూశాను.

అక్కడే ఉంది. ఖాళీ అయిన బస్తాల పాత వల ఒకటి రెండు కమ్మీల మధ్య వదులుగా వేలాడుతోంది. అందులో ముడుచుకుని నిద్రపోతోంది. ఆ మూల ఫ్యాను లేదు. దగ్గరికి పోయి పట్టీ చూశాను.

నీలం.

లేపబోయి ఆగాను. ఎప్పటినుంచి పడుకుందో తెలియదు గాని చెంప మీద వల అచ్చు లోతుగా పడింది, గంట పైనే అయి ఉండాలి. గంటసేపు కదలని గాలిలో నీలం ఎలా నిలిచింది? ఒక కమ్మీకి కాలు మెలేసి చూస్తూ ఉండిపోయాను. పది నిమిషాలకు గాని కంటికి ఆనలేదు. పిల్ల ఊపిరి వదిలినప్పుడల్లా వల అటు జరుగుతోంది. పీల్చినప్పుడల్లా ఇటు వస్తోంది. ఒక్క ఊపిరికి ఎంత బలం ఉంటుంది? ఏమీ ఉండదు. కానీ ఉయ్యాల సరిగ్గా వెనక్కి వచ్చినప్పుడల్లా వేలితో తోసినా అది చాలా దూరం పోతుంది. ఆ వల బిగువూ ఆ పిల్ల ఊపిరీ ఒకే లెక్కలో కలిశాయి. తల జానెడు దూరం అటూ ఇటూ ఊగుతోంది. పాత ఊపిరి ఒకచోట ఉంటే ముక్కు కొత్తగాలిలోకి జరుగుతోంది.

లేచాక అడిగాను. చెవి దగ్గర నోరుపెట్టి గట్టిగా అడగాల్సిన పని లేకుండానే వినబడింది ఆ పిల్లకు.

"ఇక్కడ సప్పుడుండదు పిన్నీ. రోజూ వొస్తాను. అమ్మకి సెప్పకే."

విశాలాక్షి గారికి చెప్పాను. ఆవిడ నా మాట పూర్తిగా విన్నారు. తర్వాత లెక్కలు వేశారు. లెక్క కుదిరింది. "ఎవరు అల్లుతారు?" అన్నారు.

ఎవరని చెప్పను!

చిన్నాన్నకు పండగే వచ్చింది. సరుకు కట్టే తాళ్ళ పీచు విప్పి రెండు రోజుల్లో నులక పేనాడు. గొట్టాలతో చట్రం బిగించి, దానికి అడ్డంగా, ఐమూలగా తాడు తిప్పుతూ అల్లుతుంటే చూడడానికి జనం గుమిగూడారు. నులక ఉండ చేతిలోంచి జారిందా, తాడు పాములా గాల్లో తేలేది. దాన్ని కాలి వేళ్ళతో పట్టి వెనక్కి లాగేవాడు. అల్లిక పూర్తయ్యాక చేత్తో కొట్టాడు. డప్పులా మోగింది.

"సూసినావేటే రత్నాలూ? ఇరవై ఏళ్ళు తొంగున్నా గుంట పడదు" అన్నాడు నాతో.

తోటవాళ్ళలో ఒకాయన ఫ్యాను లేకుండా దాంట్లో పడుకున్నాడు. నలభై నిమిషాలకు పట్టీ ఎర్రబడింది. రహంతుల్లా గారు అతన్ని లేపి ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు.

విశాలాక్షి గారి ముఖం చూడలేకపోయాను. ఆవిడ తన గదికి వెళ్ళిపోయారు. అప్పటికి ఇరవై ఆరు రోజులు మిగిలాయి.

చిన్నాన్న మంచం అంతా వేళ్ళతో తడిమి చూశాడు. "అల్లికలో తప్పు లేదే అమ్మీ" అన్నాడు.

"అల్లికలో లేదు చిన్నాన్నా. బిగువులోనే ఉంది. ఇంత బిగిస్తే ఊపిరికి కదలదు. వదులు చెయ్యాలి."

"ఎంత వదులు?"

నేను చెప్పలేక చేత్తో చూపించాను. అరచెయ్యి గుంట చేసి.

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "కుక్కి మంచమా? నన్ను కుక్కి మంచం అల్లమంటావేటే?"

"కింద మనిషి బరువుకు గుంట పడుతుంది కనక బిగించాలి. ఇక్కడ బరువే లేదు కదా."

"బరువు లేకపోతే పరువు కూడా లేదనుకున్నావా? మా అయ్య ఇంటే ఏటంటాడు? బంగారయ్య ఆకాశానికెల్లి కుక్కి మంచాలు కడతన్నాడంటాడు."

గున్నమ్మప్ప వచ్చింది. తండ్రితో ఏమీ వాదించలేదు. వెన్నెలను తెచ్చి ఆ చట్రంలో పడుకోబెట్టి, "అల్లుతావో, కిందికి పంపుతావో నీ ఇష్టం నానా" అని వెళ్ళిపోయింది.

చిన్నాన్న మనవరాలి వైపు చూశాడు. కాళ్ళవైపు బిగింపు తాడు ముడి విప్పాడు.

అప్పుడు ఆయన చేసిన పని నేను చిన్నప్పుడు వందసార్లు చూసిందే. ఏ ఊళ్ళో మంచం అల్లినా, ఆఖరి బిగింపుకు ముందు ఆ ఇంట్లో ఎవరు పడుకుంటారో వాళ్ళను పిలిచి దాని మీద పడుకోమనేవాడు. ముసలివాళ్ళకొక బిగువు, బాలింతకొక బిగువు. "మంచం మనిషికి గానీ గదికి కాదు" అనేవాడు. ఇప్పుడూ అంతే. పిల్ల పడుకుంది. ఆయన రెండు వేళ్ళు తాడు మీద వేసి, ఆ పిల్ల ఛాతీ మీద కళ్ళు పెట్టి, బెత్తెడు బెత్తెడుగా వదులుతూ పోయాడు. ఒకచోట మంచం ఊపిరి అందుకుంది. చిన్నగా కదిలింది, ఇంకాస్త కదిలింది, తర్వాత దానంతటదే ఊగడం మొదలెట్టింది.

"అందుకుంది" అన్నాడు మెల్లగా. రెండు గంటలైనా పట్టీ నీలంగానే ఉంది.

ఇక విశాలాక్షి గారికి నిద్రాహారాలు గుర్తు లేవు. గదుల మధ్య రేకు గోడలు తీయించేశారు. గాలికి అడ్డమున్నవన్నీ పోయాయి. పెద్ద హాలంతా నులక అల్లికలతో గదులు. ఒక్కో ఇల్లు ఒక్కో గూడులా నడిమి స్తంభానికి వేలాడింది. కావలసినచోట దట్టంగా అల్లారు, చాటు కావాలనుకున్నచోట పాత చీర కట్టుకున్నారు. ఎక్కడ చెయ్యి వేసినా పట్టు దొరికేది, ఎక్కడ కాలు పెట్టినా వేళ్ళు ఇరికేవి. ఎవరి ఇంటికి ఎటు నేలో వాళ్ళే ఎంచుకున్నారు. మా పక్కింటివాళ్ళ నేల మాకు గోడ. వాళ్ళ పటాలు మాకు తలకిందులుగా కనిపించేవి. "మీ దేవుళ్ళు శీర్షాసనం వేస్తున్నారు" అని మావాళ్ళు వేళాకోళం చేస్తే, "మీ వంటింట్లో కుక్కరు మా నెత్తిమీద కూస్తోంది, ముందు అది సర్దుకోండి" అని వాళ్ళు.

చిన్నాన్నా నేనూ నూట పన్నెండు మంచాలు సరిచేశాం. పిల్లలకు ఊపిరి వేగం గనక బిగువెక్కువ, లావుపాటి మనుషులకు బాగా వదులు. ప్రతి మంచాన్నీ గంటసేపు పరీక్షించి రాసుకున్నాను. చివరి వారం చిన్నాన్నను ఎవరైనా "కుక్కి బంగారయ్యా" అని పిలిచినా ఊరుకున్నాడు. ఊరుకున్నాడనే అనుకున్నాను.

పరీక్షకు ముహూర్తం గున్నమ్మప్ప పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక. "ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు ఏస్తే ఎవడు తొంగోడో నానూ సూస్తాను" అంది. కింద కమిటీవాళ్ళు తెరల మీద మా పట్టీల రంగులు చూస్తూ కూర్చున్నారు. మెలకువగా ఉండేది డాక్టరు గారూ నేనూ.

విశాలాక్షి గారి మంచం కూడా కట్టాం. "నేను కళ్ళు మూసుకుని ఊరికే ఉంటాను నూకరత్నం. ఫ్యాను లేనిచోట నాకు నిద్రపట్టదు" అన్నారు.

"పట్టకపోతే పరీక్ష పోతుందండి" అన్నాను. ఆవిడ నావైపు చూసి, వెళ్ళి మంచంలో దూరారు.

ఒంటిగంటకు మీట తిప్పాను. ఫ్యాన్లు ఒక్కొక్కటిగా నీరసించి ఆగిపోయాయి. గిజిగాడు పుట్టాక మొదటిసారి దాంట్లో చప్పుడు లేదు. తాళ్ళు మెల్లగా కిర్రుమంటున్నాయి. నూట పన్నెండు మంచాలు ఎవరి ఊపిరితో అవి ఊగుతున్నాయి. ఏ రెండూ ఒకేలా లేవు. మా పొలాల్లో వరి గాలికి కదలడం గుర్తొచ్చింది. వేలు పెట్టుకుని నీలాలు లెక్కపెట్టాను. నూట పన్నెండూ నీలమే.

గంటా పది నిమిషాలకు నూట పదకొండయ్యాయి.

మొదటి వరస, మొదటి మంచం. చిన్నాన్నది. పట్టీ పసుపు పచ్చగా ఉంది. దగ్గరికి పోయి తాడు మీద వేలు వేశాను. డప్పులా బిగిసి ఉంది.

నేను చూసి రాసుకున్నాక మళ్ళీ బిగించుకున్నాడు! ఊరందరికీ కుక్కి మంచాలు కట్టి, తను మాత్రం పరువుగల మంచం మీద పడుకున్నాడు. ఇన్నాళ్ళూ ఫ్యాన్లు తిరుగుతున్నాయి కనక బయటపడలేదు. రేకు గోడలు పోయి గాలికి చోటు పెరిగింది కనక ఇప్పటిదాకా ఎర్రబడలేదు.

డాక్టరు గారు తేలుతూ వచ్చారు. చిన్నాన్న పట్టీ చూసి గుసగుసగా అన్నారు, "నారింజకు తిరుగుతోందమ్మా. ఇంకో పావుగంట చూస్తాను. ఎర్రబడిందా, లేపేస్తాను. పరీక్ష పోతే పోయింది."

"లేపకూడదనే కదా ఉంది. తాడు వదలకూడదని లేదు కదండీ?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "లేదు" అన్నారు.

కాళ్ళవైపు వెళ్ళాను. కొస లాగితే విడిపోయే ముడి. ఏడేళ్ళప్పుడు ఆయనే నేర్పాడు. ఇంతవరకూ వదులు చూసినవి ఆయన వేళ్ళు. నేను పక్కనుండి రాసుకున్నదాన్నే. ఎక్కువ వదిలితే మంచం ఊగదు, ఊరికే తేలుతుంది. ఒక్కసారిగా వదిలితే మెలకువ వస్తుంది. ముడి విప్పి, తాడు అరచేతికి చుట్టుకుని, ఆయన ఛాతీ మీద కళ్ళు పెట్టాను.

బెత్తెడు. ఏమీ లేదు. పట్టీ ముదురు నారింజ.

ఇంకో బెత్తెడు. చిన్నాన్న ఏదో గొణిగాడు. తాడు అక్కడే ఆపి పట్టుకున్నాను. కనురెప్పలు కదిలి ఆగాయి.

రెండు వేళ్ళంత. మంచం కదిలిందో నా చెయ్యే కదిలిందో తెలియలేదు. డాక్టరు గారు ఆయన భుజం వైపు చెయ్యి చాపారు.

ఇంకో వేలు. తాడు నా అరచేతిలో చిన్నగా లాగింది, వదిలింది. మళ్ళీ లాగింది. ఆయన ఊపిరి తాడులోంచి నా చేతికి తెలుస్తోంది. మంచం బద్ధకంగా అటు జరిగింది, ఇటు వచ్చింది, ఈసారి ఇంకాస్త దూరం వెళ్ళింది. అందుకుంది!

డాక్టరు గారి చెయ్యి అలాగే గాల్లో ఉంది. ఇద్దరం పట్టీ మీదే చూపు పెట్టాం. నారింజ పలచబడింది. చాలాసేపటికి పసుపు. ఆ తర్వాత అంచుల్లోంచి నీలం వచ్చింది. అప్పుడు ముడి వేశాను.

మా చిన్నాన్న గురక మొదలెట్టాడు. బరువులేని చోట గురక రాదని డాక్టరు గారి పుస్తకాల్లో ఉందట. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నారు.

నాలుగు గంటలకు మూడు గంటలూ నిండాయి. నూట పన్నెండు నీలాలు. ముందుగా లేచింది చిన్నాన్నే. నడుం కింద గుంట తడుముకున్నాడు. తాడు చూశాడు, ముడి చూశాడు.

"నా మంచాన్ని కుక్కి సేసినదెవరే?"

"నేనే చిన్నాన్నా."

ముడిని రెండుసార్లు లాగి చూశాడు. వదులు ఎంతుందో వేలితో కొలిచాడు. "అరవేలు ఎక్కువ వొదిలీసినావు" అన్నాడు. ఆ మాట అంటూనే నా తల మీద చెయ్యి పెట్టాడు. అది అక్కడినుంచి చాలాసేపు తీయలేదు.

ఒక్కొక్కరే కళ్ళు తెరుస్తున్నారు. ఎవరికీ ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అరవకుండా మాట్లాడితే ఎదుటివాళ్ళకు వినబడుతోంది. గున్నమ్మప్ప మొగుణ్ణి పేరుపెట్టి మామూలు గొంతుతో పిలిచి, తన గొంతు తనే విని ఆగిపోయింది. ఎవరో ఏడుస్తున్నారు, అదీ వినబడింది.

అప్పుడు కింది నుంచి కమిటీ అధ్యక్షుడి గొంతు స్పీకర్లలో మోగింది. "గిజిగాడు! గిజిగాడు! రంగులన్నీ చూశాం. అభినందనలు! కుటుంబ విభాగం ఉత్తర్వు రద్దు చేస్తున్నాం. పిల్లలంతా అక్కడే ఉండొచ్చు. విశాలాక్షి గారిని మాట్లాడమనండి."

విశాలాక్షి గారి మంచం ఇంకా ఊగుతూనే ఉంది. అటు, ఇటు. జుట్టు ముఖం మీద తేలుతోంది. తొమ్మిదేళ్ళ నిద్ర ఒక్కసారే వచ్చి పడినట్టు నోరు కాస్త తెరుచుకుని ఉంది. మెడ దగ్గర పట్టీ నీలంగా మెరుస్తోంది.

"విశాలాక్షి గారూ! వినబడుతోందా?"

వెన్నెల తన మంచంలోంచి ఎగిరి, నాలుగిళ్ళ నులక గోడలు పట్టుకుంటూ వచ్చి, మైకు ముందు ఆగింది. నోటి మీద వేలు పెట్టుకుంది, కిందివాళ్ళకు కనబడదని తెలియక.

"ఉష్ష్... మెల్లిగా మాటాడండి. మాకు వినబడతాంది. అమ్మమ్మగారు నిద్దరోతన్నారు."